కంపోస్ట్ టీ బకెట్‌కి గాలి సరిగ్గా అందించడం ఎలా?

కంపోస్ట్ టీ అంటే కంపోస్ట్‌ని గాలి బుడగలు తగిలే నీళ్లలో నానబెట్టి మొక్కలకి పోసే ద్రవం. సరిగ్గా తయారైన టీ దగ్గరికి వెళ్తే తొలకరికి తడిసిన మట్టి వాసన రావాలి. మురుగు వాసన కొట్టిందంటే లోపల గాలి చాలలేదని అర్థం. మిద్దె తోటలు పెంచేవాళ్లలో చాలామంది వర్మీకంపోస్ట్ మీద, బెల్లం మీద పెట్టే శ్రద్ధ గాలి మీద పెట్టరు. మనకు కావాల్సిన సూక్ష్మజీవులు ఆక్సిజన్ ఉంటేనే పెరుగుతాయి. అది తగ్గితే కుళ్లు మొదలవుతుంది.

20 లీటర్ల బకెట్ తీసుకుని 15 లీటర్ల నీళ్లే పోయండి, మిగతా జాగా నురగకి. నిమిషానికి కనీసం 5, 6 లీటర్ల గాలి ఇచ్చే రెండు గొట్టాల అక్వేరియం పంపు కావాలి. చిన్న గాజు తొట్టెకి వాడే బుల్లి పంపు దీనికి చాలదు.

పంపుని బకెట్ అంచు కంటే ఎత్తులో పెట్టండి. కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పారి పంపులోకి చేరతాయి. ఎత్తులో పెట్టే వీలు లేకపోతే గొట్టం మధ్యలో నీళ్లని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ బిగించండి, చేపల తొట్టెల సామాన్ల దుకాణంలో దొరుకుతుంది.

గొట్టాల చివర ఎయిర్ స్టోన్లు (గాలిని సన్నటి బుడగలుగా వదిలే రంధ్రాల రాళ్లు) తగిలించి, పైకి తేలకుండా ఒక్కోదానికీ గులకరాయి కట్టి అడుగున వదలండి. పైన బుడగలు కనిపించినంత మాత్రాన గాలి అంతటా అందినట్టు కాదు. చిటికెడు కంపోస్ట్ నీళ్లలో వేసి కాసేపు గమనించండి. నలుసులు అడుక్కి దిగి మళ్లీ పైకి లేస్తుంటే సరే. ఒక మూల మడ్డిలా కూర్చుంటున్నాయంటే అక్కడ నీళ్లు కదలట్లేదు, కుళ్లు అక్కడే మొదలవుతుంది. ఎయిర్ స్టోన్‌ని ఆ మూలకి జరపండి.

కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోవడానికి ముందు ఒక రోజంతా ఉత్త నీళ్లలోనే పంపు నడపండి. బోరు నీళ్లకి ఆ పని లేదు.

ఇప్పుడు ముప్పావు కిలో బాగా మాగిన వర్మీకంపోస్ట్‌ని పలచటి గుడ్డలో వదులుగా మూటకట్టి, బుడగలు తగిలేలా వేలాడదీయండి. గట్టిగా బిగిస్తే మూట మధ్యకి గాలి వెళ్లదు.

సూక్ష్మజీవులకి మేతగా వేసే బెల్లం 30 గ్రాములకి మించొద్దు. మొదట్లో నేను 150 గ్రాములు వేశాను. సాయంత్రానికి నురగ బకెట్ దాటి పొంగితే ఎంతో సంబరపడ్డాను. తెల్లారేసరికి డాబా మీద నిలబడలేని కంపు. తీపి ఎక్కువైతే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి, పంపు ఇచ్చే గాలి కంటే వేగంగా ఆక్సిజన్ వాడేసుకుంటాయి. పైగా కంపోస్ట్ సరిగ్గా మాగకపోతే మనుషులకి జబ్బు చేసే క్రిములు కూడా ఆ తీపి మీదే పెరుగుతాయి. అందుకే పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా ఆకుల మీద ఈ టీ చల్లకండి.

మన ఎండలతో ఇంకో ఇబ్బంది ఉంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే. బకెట్‌ని నీడన పెట్టండి. చలికాలంలో 24 నుంచి 36 గంటలు నడపొచ్చు, వేసవిలో 18 గంటలకే ఆపేయండి. మే నెలలో నేనైతే ఈ జోలికే పోను, కంపోస్ట్‌ని నేరుగా కుండీల్లో వేసేస్తాను.

మధ్యలో కరెంటు పోతే పది నిమిషాలకోసారి చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోయండి. ఆవు పేడ, మూత్రం, బెల్లంతో చేసే జీవామృతాన్ని రోజుకి రెండుసార్లు కర్రతో కలిపితే సరిపోతుంది కదా అంటారు కొందరు. అది పులియబెట్టే పద్ధతి, ఆ లెక్క దీనికి పనికిరాదు. ఎంత చేసినా కంపు వచ్చిందా, మొక్కలకి పోయకండి, కంపోస్ట్ కుప్ప మీద పారబోయండి.

పంపు ఆపిన 4 గంటల్లోపు టీ వాడేయాలి. సీసాల్లో నింపి దాచడం కుదరదు. టీ వాడేసిన వెంటనే బకెట్ కడగండి. ఎయిర్ స్టోన్ రంధ్రాల్లో, గొట్టం లోపల పట్టిన జిగురు ఎండితే ఓ పట్టాన వదలదు. బ్రష్షుతో రుద్ది, పంపు వేసి మంచినీళ్లలో పావుగంట నడపండి. బుడగలు మునుపటంత సన్నగా రాకపోతే ఆ ఎయిర్ స్టోన్ పూడిపోయినట్టే, కొత్తది వేయండి.