కారం పడకముందే ఒక గరిటె

బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర మా ఇంట్లోనే చిన్న డే కేర్ నడుపుతున్నాను. ఏడాది దాటిన పిల్లల నుంచి మూడేళ్ల వాళ్ల వరకు ఉంటారు. మాది మదనపల్లె. పిల్లల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే, కన్నడ, ఒడియా ఇళ్ల నుంచి కూడా కొందరు వస్తారు. అమ్మానాన్నలు ఆఫీసు క్యాబ్ తొందరలో నా చేతిలో పెట్టి వెళ్లే డబ్బాలు తెరిస్తే చాలావరకు ఒకటే సంగతి. ఒకరోజు పెరుగన్నం, ఒకరోజు పప్పన్నం, మళ్లీ పెరుగన్నం, పక్కన బిస్కెట్ ప్యాకెట్. సాయంత్రం వచ్చి "ఏమన్నా తిన్నాడా అక్కా?" అని టెన్షన్‌గా అడుగుతారు. వెంటనే "వీడికి ఏం చేసి పెట్టాలో తెలియట్లేదక్కా" అంటారు. వాళ్లకు గుమ్మంలో నిలబడి ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, పిల్లలకని విడిగా వండే పని పెట్టుకోకండి. ఉద్యోగం చేసే ఇంట్లో అది వారం కూడా సాగదు. మీ కోసం పొయ్యి మీద ఉన్నదాంట్లోంచే కారం, చింతపండు పడకముందు ఒక గరిటె తీసి పక్కన పెట్టండి. కందిపప్పు ఉడికాక తాలింపుకు ముందు ఒక గరిటె. బీన్స్, క్యారెట్, బెంగళూరు వంకాయ ముక్కలు మెత్తబడ్డాక కారప్పొడి వేసే ముందు ఒక గరిటె. సాంబారులో పొడి కలపకముందు నాలుగు గుమ్మడి ముక్కలు. కోడికూర వండే రోజు పసుపు, అల్లంవెల్లుల్లితో ముక్కలు ఉడికాక ఒక మెత్తటి ముక్క తీసి, ఎముక లేకుండా నారలుగా విడదీసి పప్పన్నంలో కలిపేయొచ్చు. చేపైతే వేళ్లతో చిదిమి ముల్లు వెతకండి, కళ్లను నమ్ముకోకండి.

ఆకుకూర పప్పులో పచ్చిమిర్చి కుక్కర్‌లోనే పడుతుంది కదా అంటారు. అలాంటి రోజు కుక్కర్‌లో పెద్ద గిన్నె మీద చిన్న స్టీలు గిన్నె పెట్టి, అందులో గుప్పెడు పప్పు, కాస్త ఆకు వేయండి. లేదా మిర్చిని తాలింపులోకి మార్చండి, పెద్దవాళ్లకూ రుచి ఏమీ తగ్గదు.

కారం తీసేశాం కాబట్టి పిల్లల తిండి చప్పగా ఉండాలని లేదు. జీలకర్ర, వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు, కొత్తిమీర, అర చెంచా నెయ్యి అన్నీ పడొచ్చు. ఉప్పు విషయంలో మాత్రం చేయి బిగించండి. ఏడాది లోపు ఉప్పు, పంచదార అసలు వద్దు. తేనె కూడా వద్దు, ఆ వయసులో బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఏడాది దాటాక ఉప్పు కొద్దిగా మొదలుపెట్టొచ్చు, చక్కెరను రెండేళ్లు నిండేదాకా దూరం పెట్టగలిగితే మంచిది.

"మొన్నటిదాకా గిన్నెడు తినేవాడు, ఇప్పుడు నాలుగు ముద్దలకే లేచిపోతున్నాడు" అనే మాట ఏడాదిన్నర పిల్లల తల్లులందరి దగ్గరా వింటాను. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఏడాది తిరిగేసరికి సుమారు 9 కిలోలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది దాదాపు రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించాక ఆకలి కూడా నెమ్మదిస్తుంది. కొలత కావాలంటే, వయసు ఎన్నేళ్లో ఒక్కో పదార్థం అన్ని పెద్ద చెంచాలతో మొదలుపెట్టండి. రెండేళ్ల పాపకు రెండు చెంచాల అన్నం, రెండు చెంచాల పప్పు, రెండు చెంచాల కూర. ఇంకా అడిగితే వేయండి. చాలామంది పళ్లెంలో పెద్దవాళ్ల కొలతలో పెట్టి, మిగిలింది చూసి బాధపడుతుంటారు.

ఇక రకాల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 6 నుంచి 23 నెలల పిల్లల తిండిని 8 గుంపులుగా విడదీసింది. తల్లిపాలు ఒకటి, బియ్యం గోధుమ రాగి దుంపల లాంటివి ఒకటి, పప్పులు గింజలు ఒకటి, పాలు పెరుగు ఒకటి, మాంసం చేప ఒకటి, గుడ్డు ఒకటి, విటమిన్ ఎ ఉన్న పసుప్పచ్చ పండ్లు, కూరగాయలు, ఆకుకూరలు ఒకటి, మిగతా పండ్లు కూరగాయలు ఒకటి. రోజు మొత్తంలో వీటిలో కనీసం 5 గుంపులు లోపలికి వెళ్లాలి. రెండేళ్లు దాటినవాళ్లకూ నేను ఇదే లెక్క వాడతాను. పెరుగన్నం, బిస్కెట్లతో గడిచిన రోజున రెండే గుంపులు వస్తాయి. పొద్దున రాగి జావ, ఒక ఉడికించిన గుడ్డు, మధ్యాహ్నం గుమ్మడికాయ వేసిన పప్పన్నం, సాయంత్రం ఒక అరటిపండు, రాత్రి పెరుగన్నం పెట్టి చూడండి. ఆరు వచ్చేశాయి, అందులో కష్టమైన వంట ఒక్కటీ లేదు.

కొత్త వంటకాల కోసం ఫోన్‌లో వెతికే బదులు ఉన్న వంటకంలోనే ధాన్యం, పప్పు, కూర మారుస్తూ పోండి. కిచిడీ ఒకరోజు బియ్యం, పెసరపప్పుతో అయితే ఇంకోరోజు గోధుమ రవ్వ, ఎర్రపప్పుతో. దోసె పిండిలో ఒకరోజు తురిమిన క్యారెట్ కలిపి గుంత పొంగనాలు వేయండి, ఇంకోరోజు సన్నగా తరిగిన పాలకూర. పొంగనాలు పిల్లల పిడికిట్లో సరిగ్గా ఇముడుతాయి, వాటిని తినిపించే పని నాకెప్పుడూ పడదు. పెసలు రాత్రి నానబెట్టి, గుప్పెడు మునగాకు, చిన్న అల్లం ముక్క వేసి రుబ్బితే అరచేతంత పెసరట్లు వస్తాయి. మా దగ్గరున్న ఒడియా పాప డబ్బాలో డాల్మా వస్తుంది. కందిపప్పులోనే గుమ్మడి, పచ్చి బొప్పాయి, అరటికాయ ముక్కలు వేసి ఉడికించి నెయ్యి, జీలకర్రతో తాలింపు పెడతారు. పప్పు, కూర ఒకే గిన్నెలో అయిపోతాయి. నేను మా వంటింట్లోకి తెచ్చేసుకున్నాను, మీరూ తెచ్చుకోండి.

ఉగ్గాని కూడా పిల్లలకు బాగా కుదురుతుంది. బొరుగులు (మరమరాలు) నీళ్లలో తడిపి గట్టిగా పిండేయండి. ఉల్లిపాయ, టమాట బాగా మగ్గించి, అందులో ఆ బొరుగులు, పసుపు, పుట్నాల పొడి వేసి కలపండి. బొరుగుల్లో ముందే ఉప్పుంటుంది, మళ్లీ వేయకండి. రాగి సంకటి పెడితే మెత్తగా చేసి, నెయ్యి, పప్పు కలిపి గోరంత ముక్కలుగా పెట్టండి. ఇక్కడి పెద్దవాళ్లు ముద్దెను నమలకుండా మింగుతారు, ఆ పద్ధతి రెండేళ్ల గొంతుకు పనికిరాదు.

డిసెంబరు, జనవరిలో బెంగళూరులో ఉన్నవాళ్లకు అనపకాయలు ఉంటాయి, ఇక్కడ అవరెకాయి అంటారు. సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయ. ఏ వీధి చివర చూసినా గుట్టలు పోసి అమ్ముతారు. గింజలు నానబెట్టి, పైతొక్క పితికేసి, ఆ పితికిపప్పును మెత్తగా ఉడికించి, వెల్లుల్లి, నెయ్యితో అన్నంలో కలపండి. పితకడానికి ఓపిక లేకపోతే బండి దగ్గర పితికిందే దొరుకుతుంది, ధర కొంచెం ఎక్కువ. తొక్కతో మాత్రం పెట్టకండి, పిల్లలు నమల్లేరు. వానలు మొదలయ్యే రోజుల్లో వచ్చే బటర్ ఫ్రూట్‌ను (అవకాడో) అరటిపండుతోనో పెరుగుతోనో మెదిపి పెట్టొచ్చు. జ్యూస్ షాపులో పాలు, చక్కెర వేసి తిప్పి ఇచ్చేది వేరే సంగతి. ఏలక్కి అరటిపండు ఒకటి ఒక పిల్లకు సరిపడా ఉంటుంది, సగం తొక్క తీసి ఇస్తే వాళ్లే తింటారు.

రాగి జావ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ చేస్తారు, చాలామంది మామూలు రాగిపిండితో చేస్తారు. మొలకెత్తించిన రాగుల పిండితో చేస్తే తేడా ఉంది. గింజ మొలకెత్తేటప్పుడు అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది, అది పిండి పదార్థాన్ని విడగొట్టి జావను పలుచన చేస్తుంది. అందుకే అంతే చిక్కదనంలో ఎక్కువ పిండి కలపవచ్చు. చిన్న పొట్టలోకి నీళ్లకు బదులు తిండి వెళ్తుంది. ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు కూడా మొలకలో తగ్గుతాయి. కిలో రాగులు కడిగి రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచేసి తడి నూలుగుడ్డలో మూటకట్టండి. ఎండాకాలమైతే ఒక రోజులో మొలకలొస్తాయి, ఇక్కడి డిసెంబరు చలిలో రెండో రోజు దాకా ఆగాలి. మధ్యలో గుడ్డ ఆరితే నీళ్లు చిలకరించండి. ఎండలో గలగలలాడేలా ఆరబెట్టి, సన్న సెగ మీద కాస్త వేయించి పట్టించండి. మాడేలా వేయించొద్దు. రెండు పెద్ద చెంచాల పిండిని ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి అప్పుడు ఉడికించండి. తీపి కావాలంటే నానబెట్టిన ఖర్జూరం నూరి కలపొచ్చు. మజ్జిగ, జీలకర్ర కలిపి కూడా ఇవ్వొచ్చు, మా దగ్గర పిల్లలకు అదే ఇష్టం.

అయితే రాగి ఒక్కటే అన్నీ చూసుకుంటుందనుకోకండి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నిజమే. కానీ కప్పు జావలో పడేది 20 గ్రాముల పిండి, అంటే 70 మిల్లీగ్రాములు. ఈ వయసుకు రోజుకు కావలసింది 500. మిగతాది పాలు, పెరుగు ఇవ్వాలి.

పాలకు మాత్రం హద్దుండాలి. రోజుకు 500 మిల్లీలీటర్లు దాటితే పొట్ట నిండిపోయి అన్నం లోపలికి వెళ్లదు, పైగా పాలలో ఇనుము దాదాపు లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కలో మన దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. అన్నం తినని పిల్లల గురించి అడిగితే, రాత్రి రెండు సీసాలు, పొద్దున ఒకటి అనే జవాబు నాకు తరచూ వస్తుంది. సీసా మాన్పించి గ్లాసులోకి మార్చాక మధ్యాహ్నం ఆకలి దానంతట అదే వస్తుంది. ఇనుము కోసం పప్పులు, ఆకుకూరలు, గుడ్డు, మాంసం పెట్టండి. పప్పన్నం మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, లేదా పక్కన గింజలు తీసిన మెత్తటి జామ ముక్క పెట్టండి. విటమిన్ సి ఉంటే పప్పులోని ఇనుము బాగా ఒంటపడుతుంది. టీ, కాఫీ చుక్క కూడా వద్దు, తాతగారు సాసరులో పోసిచ్చినా సరే.

పాలల్లో కలిపే చాక్లెట్ పొడుల గురించి కూడా అడుగుతుంటారు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకు బోర్న్‌వీటా లాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' వరుసలోంచి తీసేయమని చెప్పింది. డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదివితే మీకే అర్థమవుతుంది.

గొంతులో ఇరుక్కునేవాటి విషయంలో నేను ఎవరి మాటా వినను. పల్లీలు, పుట్నాలు, పాప్‌కార్న్, పచ్చి క్యారెట్ ముక్క, కొబ్బరి ముక్క నాలుగైదేళ్లు వచ్చేదాకా అలాగే ఇవ్వకూడదు. పల్లీలు, పుట్నాలు పొడి చేసి అన్నంలో కలపండి. ద్రాక్షను నిలువునా నాలుగుగా కోయండి, బెంగళూరు బ్లూ అయితే గింజలు కూడా తీయాలి. తినేటప్పుడు కూర్చోవాలి. నోట్లో ముద్దతో పరుగెత్తే పిల్ల వెనక గిన్నె పట్టుకుని తిరగడం మా దగ్గర లేదు.

రోజుకు మూడు పూటలు, మధ్యలో రెండు చిరుతిళ్లు, ఒక్కోదానికి రెండు, రెండున్నర గంటల ఎడం. ఆ ఎడంలో నీళ్లు తప్ప ఇంకేం వద్దు. ఆ చేతికో బిస్కెట్, ఈ చేతికో చిప్స్ ముక్క ఇస్తూ పోతే భోజనం వేళకు ఆకలి ఎక్కడినుంచి వస్తుంది? ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో పిల్లల ఇష్టం. అరగంటలో పళ్లెం తీసేయండి. ఫోన్ చూపిస్తూ నోట్లో కుక్కితే వాళ్లకు కడుపు నిండిందో లేదో తెలియదు. కొత్త కూర మూడుసార్లు ఊసేశాడని లిస్టులోంచి కొట్టేయకండి, కొందరికి పది, పదిహేను సార్లు పళ్లెంలో కనబడితేగానీ నోట్లోకి వెళ్లదు. ప్రతిసారీ వేలి కొనంత ముక్క చాలు, దాని పక్కన వాళ్లు ఇష్టంగా తినేది ఒకటి ఉండాలి. మీరూ వాళ్ల ఎదురుగా అదే తినాలి. బీట్‌రూట్ చూస్తే ముఖం తిప్పుకునే బాబు ఒకడు, పక్కనున్న పిల్ల పెదాలు ఎర్రబడ్డం చూసి తనకూ పెట్టమన్నాడు. అన్నిసార్లు చెప్పిన నా మాట కంటే అదే పనిచేసింది.

డబ్బా కట్టేవాళ్లకు ఒక చిట్కా. పొద్దున ఏడున్నరకు కలిపిన పెరుగన్నం ఏప్రిల్‌లో మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. మెదిపిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి ఒక్క చెంచా పెరుగు కలపండి, తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది. తురిమిన కీరా డబ్బాలో వేయకండి, నీరు వదులుతుంది. క్యారెట్ ఉడికించి తురిమితే ఆ ఇబ్బంది లేదు. వేడి అన్నాన్ని వెంటనే మూత బిగించి పెడితే ఆవిరికి పాచిపోతుంది, రెండు నిమిషాలు ఆరనివ్వండి.

జ్వరం, జలుబు రోజుల్లో తిండి తగ్గుతుంది. అప్పుడు జావ, పలుచటి పప్పన్నం, తల్లిపాలు తాగే పిల్లలైతే తల్లిపాలు, ఏది తీసుకుంటే అది. తగ్గాక వారం పది రోజులు రెట్టింపు ఆకలితో అడుగుతారు, అప్పుడు ఒక పూట అదనంగా పెట్టండి. నెలల తరబడి బరువు పెరగకపోయినా, ముఖం పాలిపోయినా, మట్టి, సుద్ద తింటున్నా, ప్రతి ముద్దకూ పొలమారుతున్నా పిల్లల డాక్టరుకు చూపించాలి. మట్టి తినడం చాలాసార్లు ఇనుము లోపానికి గుర్తు. వెళ్లేటప్పుడు బరువులు రాసిన టీకా కార్డు, మూడు రోజులు ఏమేం తిన్నారో రాసిన కాగితం పట్టుకెళ్లండి. ఆ కాగితంలో పాల సీసాలు, బిస్కెట్లు కూడా రాయాలి.