వానలకు ముందే వినాల్సిన శబ్దాలు: పాత ఫోర్ వీల్ పికప్‌కి జాగ్రత్తలు

ఎండాకాలమంతా టూ వీల్‌లోనే, అంటే వెనక చక్రాల లాగుడుతోనే, తిరిగిన పాత పికప్‌కి నాలుగు వానలు పడగానే ఫోర్ వీల్ లీవర్ లాగుతాం. అప్పటిదాకా ఖాళీగా ఉన్న ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (ఇరుసుకి లాగుడు అందించే పొడవాటి కడ్డీ), ముందు హౌసింగు (ఇరుసు మధ్య గేర్లుండే డబ్బా), ట్రాన్స్‌ఫర్ కేసు (లాగుడుని ముందు, వెనక షాఫ్టులకు పంచే పెట్టె) లోని చైను ఒక్కసారిగా పూర్తి బరువు మోయాలి, అదీ బురదలో, నీళ్లలో. పొడి నేల మీద కిచకిచతో సరిపెట్టిన క్రాసు (షాఫ్టు చివర వంగుతూ తిరిగే కీలు) అక్కడ విరిగిందంటే బండి లాగించుకుని రావాల్సిందే. పైగా వాన పడుతుంటే టైర్ల కింద నీళ్ల హోరులో ఏ శబ్దమూ తేలదు. నేల పొడిగా ఉండగానే ఈ పరీక్షలు ముగించాలి.

శబ్దం "గుర్రుమంటోంది", "ఊళ పెడుతోంది" అని చెబితే మెకానిక్కుకి పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఒకరి గుర్రు ఇంకొకరికి ఊళ. పనికొచ్చే సంగతులు నాలుగు: స్పీడుతో మారుతోందా, ఇంజను తిరుగుడుతో మారుతోందా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా, మలుపులోనా, నేరుగా వెళ్లేటప్పుడా, టూ వీల్‌లోనా, ఫోర్ వీల్‌లోనా. ఇవి కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే.

బండి కింద దూరేముందు

జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరకూడదు. గట్టి నేల, బరువుకి తగ్గ స్టాండ్లు, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు ఉండాలి. ఒక్క ఇరుసే పైకెత్తి ఫోర్ వీల్ వేసి గేరులో పెడితే నేల మీదున్న చక్రాలు బండిని స్టాండ్ల మీంచి లాక్కెళ్లిపోతాయి. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారితే రెండోదానికీ లాగుడు అందించే ఏర్పాటు) ఉన్న వెనక హౌసింగులో ఒకే చక్రం ఎత్తి తిప్పినా అంతే. ఇంజను నడుస్తుండగా తిరిగే షాఫ్టు దగ్గరికి చెయ్యి, చొక్కా అంచు, గుడ్డముక్క ఏవీ పోకూడదు.

ముందుగా దొంగ శబ్దాలను ఏరేయండి. సైలెన్సర్ మీది రేకు వదులై గలగలమంటుంది. బ్రేకు డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే బేరింగు పోయిందేమో అన్నంతగా గీరుతుంది. పట్టీ స్ప్రింగుల కట్టల యూ బోల్టులు వదులైతే గేరు వేయగానే "ఠక్". మడ్ టైర్ల హోరుని క్రౌన్ పినియన్ (హౌసింగులోని పెద్ద, చిన్న గేర్ల జత) శబ్దమని భ్రమపడి హౌసింగు విప్పించుకునేవాళ్లూ ఉన్నారు. తేడా సులువే: టైరు శబ్దం రోడ్డు మారితే మారుతుంది, హౌసింగు శబ్దం రోడ్డుని పట్టించుకోదు.

నడిపి చూడటం

ఖాళీగా, నేరుగా ఉన్న రోడ్డు కావాలి. అద్దాలు దించి, పక్కన గోడ ఉన్నచోట గంటకు 10 కిలోమీటర్లతో పోనివ్వండి. గోడ శబ్దాన్ని తిప్పికొడుతుంది. టైరు అడ్డుకొలత 70 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. ఆ వేగంలో చక్రం సెకనుకి ఒకటింపావు చుట్లు తిరుగుతుంది. హౌసింగు నిష్పత్తి 4.1 (చక్రం ఒక చుట్టుకి షాఫ్టు 4.1 చుట్లు) అయితే ప్రొపెల్లర్ షాఫ్టు సెకనుకి ఐదు చుట్లకు పైనే. కాబట్టి సెకనుకి ఒకటి చొప్పున "టక్... టక్..." అంటే తప్పు చక్రం వైపు. గబగబా "కిచకిచకిచ" అంటే షాఫ్టు వైపు, ఎక్కువగా గ్రీజు ఎండిన క్రాసు.

వేగం పెంచి, శబ్దం బాగా వినపడేచోట గేరుని న్యూట్రల్‌కి తేవాలి. ఇంజను మాత్రం ఆపొద్దు. ఆపితే స్టీరింగు, బ్రేకు రెండూ బిగుసుకుంటాయి. న్యూట్రల్‌లో ఇంజను తిరుగుడు తగ్గినా శబ్దం అలాగే ఉంటే చక్రాలతో పాటు తిరిగే భాగమేదో దోషి. తొక్కినప్పుడే ఊళ పెట్టి వదలగానే తగ్గితే క్రౌన్, పినియన్ పళ్లు అరిగాయనో సరిగా కూర్చోలేదనో అనుమానించాలి. యాక్సిలరేటర్ వదిలినప్పుడే మోగితే పినియన్ బేరింగు బిగువు తప్పి ఉండొచ్చు. ఈ రెండోది తేలిగ్గా తీసుకోకూడదు. పినియన్ ఫ్లాంజిని (షాఫ్టుని బోల్టులతో బిగించే పళ్లెం) చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఏమాత్రం కదిలినా ఆ బండి బురదలోకి దిగకూడదు.

మెల్లగా కుడికీ ఎడమకీ ఊపుతూ నడపండి. ఎడమకి తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు గుర్రు పెరిగితే కుడి వైపు వీల్ బేరింగు. నిర్ధారణకి చక్రం ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆ తర్వాత ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేతి వేళ్లు స్ప్రింగు మీద ఆనించండి. పాడైన బేరింగు గరగర చెవికి అందకపోయినా వేళ్లకి అందుతుంది. వెనక హౌసింగు బిగుతు మలుపుల్లో మాత్రమే దడదడమంటే, లిమిటెడ్ స్లిప్ ఉన్న బండి అయితే, ముందు నూనె సంగతి చూడాలి. దానికి కలపాల్సిన ప్రత్యేక ద్రవం కలపకుండా మామూలు గేరాయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు అతుక్కుని అలా కొట్టుకుంటాయి.

ముందు సగాన్ని విడదీయడం

చేత్తో తిప్పే లాకింగ్ హబ్బులు (ముందు చక్రాలను ఇరుసుకి కలిపే, విడదీసే మీటలు) ఉన్న బండికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. మూడు దశల్లో నడపాలి.

మొదట టూ వీల్, హబ్బులు వదిలి. ఈ స్థితిలో ముందు షాఫ్టు, ముందు హౌసింగు ఆగి ఉంటాయి. ఇప్పుడు వచ్చే శబ్దం వాటిది కాదు.

రెండోది టూ వీల్‌లోనే, హబ్బులు బిగించి. చక్రాలు ముందు హౌసింగునీ షాఫ్టునీ ఊరికే తిప్పుతాయి, లాగుడు ఉండదు. కొత్తగా శబ్దం పుట్టిందంటే ముందు క్రాసు, హౌసింగు బేరింగు, సీవీ జాయింటు (ముందు చక్రం తిరుగుతూ వంగడానికి ఇరుసులో ఉండే కీలు), వీటిలో ఒకటి. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా వెళితే "టకటకటక" అంటే సీవీ జాయింటు. దాని రబ్బరు బూటు చిరిగి చుట్టూ గ్రీజు చిమ్మి ఉందేమో చూడండి.

మూడోది ఫోర్ హై (ఫోర్ వీల్‌లో మామూలు వేగపు గేరు), కచ్చితంగా మట్టి లేదా కంకర మీద. పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌లో (అవసరమైనప్పుడే లీవరుతో వేసుకునేది) ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరగక తప్పదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం వెళ్లాలి. తారు మీద టైరు జారదు కనుక ఆ తేడా షాఫ్టుల్లో మెలిగా పేరుకుని ధనధనమంటుంది. అది రోగం కాదు గానీ అలాగే నడిపితే రోగం తెచ్చిపెడుతుంది. ముందు, వెనక టైర్ల అరుగుదలలో తేడా ఎక్కువైనా ఇదే జరుగుతుంది. మట్టి మీద, గట్టిగా తొక్కినప్పుడు మాత్రం "ఢాం ఢాం" అని ఎగిరినట్టు కొడితే ట్రాన్స్‌ఫర్ కేసు చైను సాగి పళ్ల మీంచి జారుతున్నట్టే. సాగిన చైను కేసు లోపలి గోడని కూడా కొరికేస్తుంది, బాగుచేయించడం ఇక ఆలస్యం చేయకూడదు.

లాకింగ్ హబ్బులు లేని చాలా బండ్లలో ముందు షాఫ్టు ఎప్పుడూ తిరుగుతుంటుంది కాబట్టి మొదటి దశ కుదరదు.

క్రాసులు

ఎక్కువ శబ్దాలు ఇక్కడే దొరుకుతాయి. బండి చదును నేల మీద, అడ్డుచెక్కలు పెట్టి, గేరు న్యూట్రల్. ఒక చేత్తో హౌసింగు వైపు యోకుని (క్రాసుని పట్టి ఉంచే కవ్వం లాంటి భాగం) కదలకుండా పట్టి, రెండో చేత్తో షాఫ్టుని మెలితిప్పాలి, ఆపైన పైకీ కిందికీ ఊపాలి. రెండింటి మధ్య కంటికి కనబడే కదలిక ఉంటే క్రాసు మార్చాల్సిందే, గ్రీజుతో బాగయ్యే దశ దాటిపోయింది. కప్పుల అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపించినా లోపలి సూది బేరింగులు ఎండి పొడి అయ్యాయన్నమాటే.

గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే ముక్కు) ఉన్న క్రాసుకి నాలుగు కప్పుల సీళ్ల నుంచీ కొత్త గ్రీజు బయటికొచ్చే దాకా కొట్టాలి. మూడు కప్పుల నుంచి వచ్చి నాలుగోదాన్నుంచి రాకపోతే ఆ దారి మూసుకుపోయింది. షాఫ్టుని మెల్లగా కదుపుతూ మళ్లీ కొట్టండి. జారే యోకు (షాఫ్టు పొడవు మారడానికి ముందుకీ వెనక్కీ జారే భాగం) పళ్లకు వేరే గ్రీజు చెప్పే బండ్లున్నాయి, మాన్యువల్ చూడండి. గేరు వేసిన క్షణాన ఒక్కసారి "ఠంగ్" అంటే ఆ పళ్లు ఎండిపోవడమూ కారణం కావచ్చు.

షాఫ్టు విప్పేముందు ఫ్లాంజికీ యోకుకీ, జారే భాగానికీ సుద్దతో కాదు, పెయింటుతో గుర్తు పెట్టాలి. ఒక్క పన్ను తప్పి ఎక్కించినా రెండు చివరల క్రాసుల వరస తప్పి వణుకు మొదలవుతుంది. మంచి షాఫ్టునే తప్పుపడతారు. బండి ఎత్తు పెంచిన వాటిలో కోణాలూ కొలవాలి: రెండు చివరల కోణాలు ఒక డిగ్రీ లోపు సరిపోలాలి, ఒక్కొక్కటి 3 డిగ్రీలు దాటకపోతే మేలు.

నూనెలు, గాలి గొట్టాలు

డ్రెయిన్ ప్లగ్గు విప్పేముందు పోసే ప్లగ్గు కదులుతుందో లేదో చూసుకోవాలి. నూనె అంతా కారిపోయాక పై ప్లగ్గు తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. ప్లగ్గు అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తని ముద్ద మామూలే. వేలికి గుచ్చుకునే రేకులు, పన్ను ముక్కలు కనిపిస్తే హౌసింగు విప్పాలి. పాల రంగు నూనె అంటే నీళ్లు చేరాయి. నూనె మట్టం సాధారణంగా పోసే రంధ్రం కింది అంచుకి తగలాలి. హైపాయిడ్ (పక్కకి జరిగి కలిసే పళ్ల గేర్లున్న) హౌసింగుకి జీఎల్-5 రకం గేరాయిల్, చిక్కదనం చాలావాటికి 80డబ్ల్యు-90. ఇత్తడి సింక్రో రింగులు (గేరు మారేటప్పుడు వేగం సరిపెట్టే ఉంగరాలు) ఉన్న గేరుబాక్సుకి జీఎల్-4 చెప్పినచోట జీఎల్-5 పోయకండి. ట్రాన్స్‌ఫర్ కేసులో కొన్నిటికి గేరాయిల్, కొన్నిటికి ఆటోమేటిక్ గేరుబాక్సు ద్రవం.

హౌసింగు మీది గాలి గొట్టం చిన్నదే గానీ వానాకాలంలో కీలకం. వేడెక్కిన హౌసింగు చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి బయటినుంచి పీల్చుకుంటుంది. గొట్టం మూసుకుపోతే సీళ్లగుండా నీళ్లనే పీలుస్తుంది. విప్పి, ఊది, గాలి పోతుందో లేదో చూడాలి. కొసను ఇంజను గది పైభాగం దాకా గొట్టంతో పొడిగిస్తే ఇంకా మంచిది. లోతు నీళ్లలో దిగి వచ్చిన మర్నాడు, బండి కదలకముందే, డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా వదులు చేయండి. అడుగున చేరిన నీళ్లు నూనె కన్నా ముందు కారతాయి.

దారిలో ముందు షాఫ్టు క్రాసు పోతే, అది రెండు వైపులా ఫ్లాంజి రకమైతే, షాఫ్టు విప్పేసి హబ్బులు వదిలి టూ వీల్‌లో ఇంటికి చేరొచ్చు. ట్రాన్స్‌ఫర్ కేసులోకి జారే యోకు రకమైతే ఆ రంధ్రం నుంచి నూనె కారిపోతుంది, కుదరదు. వెనక షాఫ్టు విప్పాల్సి వస్తే ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాకే బోల్టు ముట్టుకోవాలి: షాఫ్టు ఊడిన క్షణం నుంచి, టూ వీల్‌లో ఉన్న బండిని ఏ గేరూ ఆపదు.