కొత్త రిసోర్స్ గేమ్ నేర్చుకునేటప్పుడు ముందు వెతకాల్సింది: ఇందులో ఏది కొరత?

కటాన్ లాంటి ఆటలు, అంటే రిసోర్సులు పోగేసుకుని ఏదో ఒకటి కట్టుకుంటూ పాయింట్లు తెచ్చుకునే బోర్డ్ గేమ్స్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందుగా అడిగేది "వీటిల్లో ఏది బాగుంటుంది" అని. ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ఒకరికి బేరాలాడటం ఇష్టం, ఇంకొకరికి మాట్లాడకుండా కూర్చుని లెక్కలు వేసుకోవడం ఇష్టం. కానీ ఏ ఆటనైనా తొందరగా పట్టుకోడానికి, రెండు ఆటల్ని పక్కపక్కన పెట్టి చూడ్డానికి ఒక పద్ధతి ఉంది. ఆటలో ఏది దండిగా దొరుకుతుందో చూడకండి, ఏది ఎప్పుడూ సరిపోదో అది వెతకండి. అది దొరికితే స్ట్రాటజీ సగం దొరికినట్టే. నాకు ఇది చాలా ఆటలు ఓడిపోయాక గానీ తెలియలేదు, అందుకే రాస్తున్నా.

ముందు రూల్‌బుక్ సంగతి. మొదటి పేజీ నుంచి వరసగా చదివితే సగంలోనే బుర్ర వేడెక్కిపోతుంది. ఆట ఎప్పుడు ముగుస్తుందో ముందు చూడండి, తర్వాత పాయింట్లు దేనికి వస్తాయో, ఆ తర్వాతే ఒక టర్న్‌లో ఏం చేయొచ్చో. కటాన్‌లో ఎవరికి ముందు 10 పాయింట్లు వస్తే వాళ్ళు అక్కడికక్కడే గెలుస్తారు, అంటే అది పరుగుపందెం. పొలం సాగుచేసే ఆట అగ్రికోలాలో సరిగ్గా 14 రౌండ్లు, ఎవరేం చేసినా అంతే, కాబట్టి అది ఉన్న టైమ్‌ని ఎలా వాడుకున్నారనే లెక్క. మార్స్ గ్రహాన్ని మనుషులు బతికేలా మార్చే ఆట టెర్రాఫార్మింగ్ మార్స్‌లో ఆక్సిజన్ 14 శాతానికి చేరాలి, ఉష్ణోగ్రత -30 నుంచి +8 డిగ్రీలకి రావాలి, 9 సముద్రాలు పడాలి, ఈ మూడూ అయిపోయిన జనరేషనే (ఇందులో రౌండ్‌ని అలా అంటారు) ఆఖరిది, అంటే ఆట పొడుగు ఆడేవాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే చాలు, ఏ ఆటలో తొందరపడాలో ఏ ఆటలో నిదానంగా వెళ్ళొచ్చో తెలిసిపోతుంది.

మొదటి ఆటగా నేనైతే స్ప్లెండర్ చెప్తాను (2014లో వచ్చింది, మార్క్ ఆంద్రే చేశాడు). రూల్స్ పది నిమిషాల్లో అయిపోతాయి. టర్న్‌లో వేరువేరు రంగుల రాళ్ళు మూడు తీసుకోవచ్చు, లేదా ఒకే రంగువి రెండు, లేదా కార్డు కొనొచ్చు, లేదా ఒక కార్డు పక్కన పెట్టుకోవచ్చు. కొన్న ప్రతి కార్డూ ఆట అయ్యేదాకా ఒక రంగు రాయిలా పనిచేస్తుంది, అంటే తర్వాత కార్డులు చవకవుతూ పోతాయి. దీన్నే ఇంజిన్ బిల్డింగ్ అంటారు, ఈ జాతి ఆటలన్నిటికీ ఇదే పునాది. ఇందులో కొరత ఏంటి? రాళ్ళు అనుకుంటారు చాలామంది, కాదు, టర్న్‌లు. కింది వరస కార్డుకి మూడు నుంచి ఐదు రాళ్ళు కావాలి, టర్న్‌కి వచ్చేది మూడు, కొనడానికి ఇంకో టర్న్, అంటే మొదట్లో ఒక్కో కార్డుకి దాదాపు రెండు మూడు టర్న్‌లు పోతున్నాయి. ఎవరో ఒకరికి 15 పాయింట్లు రాగానే ఆ రౌండ్‌తో ఆట ఖతం. కాబట్టి కనిపించిన చవక కార్డల్లా కొనేసుకుంటూ పోతే చేతినిండా కార్డులుంటాయి గానీ పాయింట్లుండవు. పైన కనిపిస్తున్న ఏదో ఒక పెద్ద కార్డు మీద కన్నేసి, దానికి ఏ రంగులు కావాలో ఆ రంగుల చిన్న కార్డులే కొనండి.

తర్వాత కటాన్. 1995లో క్లాస్ టాయ్‌బర్ చేసిన ఆట. బోర్డు మీద నంబర్లున్న పలకలుంటాయి, రెండు పాచికల మొత్తం ఏ నంబర్ అయితే ఆ పలకని తగిలి ఉన్న సెటిల్‌మెంట్లకి (ఊళ్ళకి) రిసోర్సులు వస్తాయి, కాబట్టి మీ ఊరు ఎక్కడ పెట్టారన్నదే అంతా. రెండు పాచికలు వేస్తే 36 రకాలుగా పడొచ్చు, వాటిల్లో 6 పడేది ఐదుసార్లు, 8 కూడా ఐదే, 2 గానీ 12 గానీ ఒక్కోసారే. నంబర్ల కింద ఉన్న చుక్కలు ఇదే లెక్క, కొత్తవాళ్ళు వాటిని చూడరు. మొదటి సెటిల్‌మెంట్ పెట్టే ముందు ఆ మూలకి తగిలే మూడు పలకల చుక్కలూ కూడండి, 10 దాటితే మంచి చోటు, 12, 13 ఉంటే ఆలోచించకుండా కూర్చోండి. ఇక కట్టడాల ఖర్చు చూడండి: సెటిల్‌మెంట్‌కి ఇటుక, కలప, ఉన్ని, ధాన్యం ఒక్కోటి, నాలుగు కార్డులు, కానీ దగ్గర దగ్గరగా కట్టకూడదు కాబట్టి దానికి కనీసం ఇంకో రోడ్డు కావాలి, అంటే ఇంకో రెండు కార్డులు, మొత్తం ఆరు. ఉన్న సెటిల్‌మెంట్‌ని సిటీగా మార్చడానికి మూడు ఖనిజం రెండు ధాన్యం, ఐదే. రెండిటికీ పెరిగేది ఒక్క పాయింటే. సెటిల్‌మెంట్ వల్ల కొత్త నంబర్లు వస్తాయి, సిటీ వల్ల ఉన్న నంబర్లకి రెట్టింపు వస్తుంది. కాబట్టి మీరు మంచి నంబర్ల మీద ఉంటే సిటీ, లేకపోతే విస్తరించడం. ఇంకో మాట, 7 పడ్డప్పుడు ఏడు కార్డులకంటే ఎక్కువున్నవాళ్ళు సగం పారేయాలి, అందుకని చేతిలో దాచుకోవద్దు, బ్యాంక్‌కి నాలుగిచ్చి ఒకటి తీసుకోవడం నష్టమనిపించినా ఒక్కోసారి అదే నయం.

ఇక అగ్రికోలా. 2007, ఊవే రోజెన్‌బర్గ్. నాకు ఈ జాతిలో అన్నిటికంటే ఇష్టమైన ఆట ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా. మీకో చిన్న పొలం, రెండు గదుల చెక్క ఇల్లు, ఇద్దరు మనుషులు. రౌండ్‌కి ఒక్కో మనిషి ఒక్కో పని, ఒకరు ఎంచుకున్న పని ఆ రౌండ్‌లో ఇంకొకరికి దొరకదు. 4, 7, 9, 11, 13, 14 రౌండ్ల తర్వాత కోత వస్తుంది, అప్పుడు మనిషికి రెండు చొప్పున తిండి పెట్టాలి, పెట్టలేకపోతే తగ్గిన ప్రతి తిండికీ మూడు పాయింట్లు పోతాయి. ఇక్కడ కొరత రెండు, పనిచేసే చేతులూ, తిండీ, అవి ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి. మనిషిని పెంచుకుంటే పనులు ఎక్కువ అవుతాయి గానీ తినే నోరు కూడా పెరుగుతుంది.

లెక్క వేసి చూడండి. ఎవర్నీ పెంచుకోకపోతే ఆట మొత్తానికి 28 పనులు. ఆరో రౌండ్‌లో బిడ్డ పుడితే ఏడో రౌండ్ నుంచి పనిచేస్తాడు, అంటే ఎనిమిది పనులు అదనం. అదే పదో రౌండ్‌లో అయితే నాలుగే. నేను మొదట్లో పొలం దున్నడం, గొర్రెలు పెంచడం అన్నీ సర్దుకున్నాక చూద్దాంలే అని బిడ్డకి కావాల్సిన గది కట్టడం ఆఖరికి వదిలేసేదాన్ని, ప్రతిసారీ వెనకబడేదాన్ని, ఎందుకో తెలిసేది కాదు. కొత్త గదికి ఐదు కలప రెండు రెల్లు కావాలి, రెల్లు ఎప్పుడూ తక్కువే వస్తుంది, కాబట్టి మొదటి నాలుగు రౌండ్లలోనే రెల్లు కంటపడగానే తీసుకోండి. తిండికి ఒక దారి, వంటపొయ్యి గానీ బేకింగ్ గానీ, ఏదో ఒకటి మొదటి కోతకి ముందే ఖాయం చేసుకోండి, రెండూ మొదలుపెడితే రెండూ సగంలోనే ఆగుతాయి. ఆఖర్లో స్కోరింగ్ కూడా గుర్తుపెట్టుకోవాలి, ఏ రకం పంటైనా పశువైనా అస్సలు లేకపోతే మైనస్ ఒకటి, పొలంలో ఖాళీగా వదిలేసిన ప్రతి గడికీ మైనస్ ఒకటి, అందుకే చివరి రౌండ్లలో ఒక్క పందినో ఒక్క కూరగాయనో తెచ్చుకోవడం కూడా పనికొచ్చే పనే.

పవర్ గ్రిడ్ గురించి క్లుప్తంగా చెప్తా, నగరాలకి కరెంటు సరఫరా చేసే ఆట, ఇది డబ్బు లెక్కలు ఇష్టమైనవాళ్ళకి. బొగ్గు, ఆయిల్ లాంటివి మార్కెట్‌లో కొన్నకొద్దీ ధర పెరుగుతుంది, పైగా ఎక్కువ నగరాలున్నవాళ్ళు ఆఖర్న కొనాలి. అంటే ముందున్నవాళ్ళకి ఖర్చెక్కువ. ఇక్కడ కొరత వరసలో మీ స్థానం. చాలాసేపు కావాలనే కాస్త వెనక ఉండి చివర్లో ఒక్కసారి దూకడం తెలివైన ఆట, కటాన్ అలవాటుతో వస్తే ఇది అస్సలు తట్టదు.

పోల్చడం అంటే ఇదే. బాక్స్ మీద బొమ్మ, ఎన్ని గంటలు, ఎంత కష్టం, ఇవి కాదు. మూడు ప్రశ్నలు వేసుకోండి, కొరత ఎక్కడుంది, పక్కవాళ్ళు నన్ను ఎలా ఆపగలరు, అదృష్టం ఎప్పుడు వస్తుంది. కటాన్‌లో పాచికలు మీరు ప్లాన్ వేసుకున్నాక పడతాయి, ఎంత బాగా ఆలోచించినా నంబర్ రాకపోతే రాదు. టెర్రాఫార్మింగ్ మార్స్‌లో కార్డులు ముందు వస్తాయి, జనరేషన్‌కి నాలుగు, ఒక్కోటి ఉంచుకోడానికి మూడు క్రెడిట్లు (ఆటలో డబ్బు), వాటిని చూశాక మీరు నిర్ణయించుకుంటారు. రెండిట్లోనూ అదృష్టం ఉంది గానీ ఆడేటప్పుడు అనుభవం పూర్తిగా వేరు. అదృష్టం వల్ల చిరాకు పడేవాళ్ళకి రెండో రకం నప్పుతుంది, నవ్వుకుంటూ ఆడేవాళ్ళకి మొదటిది.

అన్ని ఆటల్లోనూ కొత్తవాళ్ళు తడబడేది ఒకచోటే, సంపాదన పెంచడం ఎప్పుడు ఆపాలో తెలియకపోవడం. మార్స్‌లో ఆఖరి జనరేషన్‌లో టైటానియం ప్రొడక్షన్ (జనరేషన్‌కి వచ్చే టైటానియం) పెంచితే దానివల్ల వచ్చిన టైటానియం వాడే అవకాశమే రాదు. ఏదైనా కొనే ముందు, ఇది ఇంకెన్నిసార్లు నాకు తిరిగిస్తుంది అని అడగండి, ఖర్చు కూడా తిరిగి రాకపోతే ఆ డబ్బు పాయింట్ల మీద పెట్టండి.

నేర్చుకునేటప్పుడు ఒకే ఆటని అదే మనుషులతో మూడుసార్లు ఆడండి, ఆ తర్వాతే ఇంకోదానికి వెళ్ళండి. మొదటిసారి కార్డులు అందరికీ కనిపించేలా పెట్టుకుని ఒకరికొకరు చెప్పుకుంటూ ఆడితే రూల్స్ తప్పులు అక్కడే బయటపడతాయి. రెండోసారి కావాలనే వేరే దారి ప్రయత్నించండి, కటాన్‌లో మొదటిసారి రోడ్ల మీద పోతే ఈసారి సిటీల మీద. మూడోసారి గెలవడానికి ఆడండి. ప్రతిసారీ అయ్యాక గెలిచినవాళ్ళ పాయింట్లు ఎక్కడెక్కడ నుంచి వచ్చాయో కాగితం మీద రాసుకోండి, మూడు కాగితాలు పక్కపక్కన పెడితే మీ గుంపులో ఆ ఆట ఎలా నడుస్తోందో కనిపిస్తుంది, ఇద్దరు ఆడినప్పటి కాగితాన్ని మాత్రం నలుగురు ఆడినప్పటి వాటితో కలపొద్దు, చాలా ఆటల్లో మనుషుల సంఖ్య మారితే కొరతే మారిపోతుంది.