ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గాక కీళ్ల నొప్పులొస్తే

మా నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ అయిన రెండేళ్లకి మోకాళ్లు, చీలమండలు నొప్పెట్టడం మొదలైంది. గాజువాకలో మా వీధి వీధంతా చికెన్‌గున్యా అంది, ఒక డాక్టరుగారు అరుగుదల అన్నారు, మూడు నెలలు నొప్పి మాత్రలతోనే నెట్టుకొచ్చాం. పాత క్యాన్సర్ సంగతి ఆ డాక్టరుగారికి మేమూ చెప్పలేదు.

అందుకే ఎవరి దగ్గరికి వెళ్లినా మొదటి మాటగా ఆ సంగతి చెప్పండి, క్యాన్సర్ డాక్టరుకి కూడా వెంటనే ఫోన్ చేయండి. ప్రతి కీళ్ల నొప్పీ క్యాన్సర్ కాదు. కానీ క్యాన్సర్ ఎముకలోకి పాకవచ్చు, లేదా ఎముకని తాకకుండానే, ఊపిరితిత్తిలో ఉన్న గడ్డ వల్ల కాళ్లూ చేతుల పొడవాటి ఎముకల పైపొర వాచి కీళ్లు సలుపుతాయి. ఈ రెండోదాన్ని హైపర్‌ట్రోఫిక్ పల్మనరీ ఆస్టియోఆర్థ్రోపతి అంటారు. చూడ్డానికి అచ్చం కీళ్లవాతంలా ఉంటుంది.

ఈ రెండోదాంట్లో తరచూ వేలి కొసలు ఉబ్బి గోళ్లు వంగుతాయి కాబట్టి ఇంట్లోనే ఒకటి చూడండి. రెండు చూపుడు వేళ్ల గోళ్లని ఎదురెదురుగా ఆనించి వెలుతురుకి పట్టండి, గోళ్ల మొదళ్ల దగ్గర పేకముక్క మీది డైమండులా చిన్న సందు కనిపించాలి. నాన్న చేత కిటికీ దగ్గర పట్టిస్తే అసలు వెలుతురే రాలేదు, గోళ్లు చిలక ముక్కులా వంగి ఉన్నాయి. ఇది 1976లో లియో షామ్రాత్ అనే దక్షిణాఫ్రికా గుండె డాక్టరు తన వేళ్లలోనే గమనించి రాసిన పరీక్ష. సందు లేకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి, సందు ఉన్నంత మాత్రాన భయం లేదనీ కాదు.

ఏ కీలు, రాత్రి ఎక్కువా, కాళ్లు వేలాడేస్తే పెరిగి పైకి పెట్టుకుంటే తగ్గుతోందా, ఒక కాగితం మీద రాసుకోండి. ఇమ్యూనోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) తీసుకుని ఉంటే అదీ చెప్పండి, ఆ మందు వల్లా కీళ్లు వాస్తాయి. నొప్పి ఉన్నచోట ఎక్స్‌రే, ఛాతీ సీటీ, బోన్ స్కాన్ గానీ పెట్ సీటీ గానీ అవసరమా అని అడగండి. విశాఖలో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికెళ్లినా, కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆస్పత్రి) వెళ్లినా బయాప్సీ రిపోర్టు, పాత స్కాన్ సీడీలు పట్టుకెళ్లండి, సీడీ లేకపోతే పాతదానితో పోల్చడం కష్టం.

కారణం తేలేదాకా మర్దనా, నాటు కట్లు వద్దు, బలహీనపడిన ఎముక విరగొచ్చు. వెన్నునొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా మర్నాటి ఓపీ కోసం చూడకండి, ఆ గంటలోనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఊపిరితిత్తిలో మళ్లీ తేలిన గడ్డకి వైద్యం మొదలయ్యాక నాన్న నొప్పి తగ్గుతూ వచ్చింది. వాపుకి పట్టక పక్కన పడేసిన చెప్పులు మళ్లీ వేసుకుంటున్నారు.