జోయాంథిడ్ల రాయిని ముట్టుకునే ముందు

జోయాంథిడ్లంటే ఉప్పునీటి అక్వేరియంలో రాళ్ల మీద పెరిగే, పగడాల్లాంటి చిన్న జీవులు. ముందు మీ రాయి మీద ఉన్నవేంటో చూసుకోండి. చొక్కా గుండీల్లా గుంపుగా, అడుగున ఒకే పొరతో కలిసి ఉంటే జోయాంథిడ్లే. కాడలో ఇసుక రేణువులు కనిపిస్తే వాటిలోనే పాలిథోవా అనే రకం అనుకోండి. పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఎక్కువగా వీటిలోనే ఉంటుంది. రంగు చూసి మాత్రం తేల్చకండి.

- నైట్రైల్ గ్లవ్స్, పక్కలు కూడా మూసిన కళ్లద్దాలు తప్పనిసరి. చేతికి గాయముందా? పని ఇంకో రోజుకి పెట్టుకోండి.
- రాయిని వేడినీళ్లతో కడగడం, ఉడకబెట్టడం అస్సలు వద్దు. ఆవిరితో విషం గాల్లోకి లేస్తుంది. పెంపుడు కుక్కతో సహా ఇంటిల్లిపాదీ జబ్బుపడ్డ సంఘటనలున్నాయి. బ్రష్‌తో గీకినా చిమ్ముతుంది.
- జోయాంథిడ్లను కోయక తప్పకపోతే ట్యాంకు నీళ్లు పోసిన బకెట్లో ముంచి కోయండి. ఆ బకెట్ మళ్లీ వంటింటి మొహం చూడకూడదు!
- కిటికీలు తెరవండి. ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లలోని మలినాలను పీల్చే బొగ్గు) వేయండి.
- నోట్లో ఇనుప రుచి, జ్వరం, ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లి డాక్టరుకి విషం పేరు చెప్పండి.