డైనమో అరుస్తోందా? ముందు ఏ కొసో తేల్చుకోండి

పాత అంబాసిడర్, మోరిస్ మైనర్, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి బళ్లలో బ్యాటరీని చార్జ్ చేయడానికి తరచూ కనిపించేవి లూకస్ కంపెనీ సీ-39, సీ-40 డైనమోలు. వీటికి బెల్టు తిప్పే పుల్లీ వైపు బాల్ బేరింగు, వెనక కమ్యుటేటర్ (కరెంటు బయటికి తీసే రాగి పట్టీల చుట్టు) వైపు కంచు బుష్ (షాఫ్టు తిరిగే చిన్న గొట్టం) ఉంటాయి. బేరింగుకి గ్రీజు, బుష్‌కి ఆయిలు. చప్పుడు రాగానే ఆయిల్ డబ్బా పట్టుకుని రెండు కొసలకీ పోసేస్తే ఉన్న రోగానికి కొత్తది తోడవుతుంది.

పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమంటే

ముందు అనుమానించాల్సింది బెల్టునే. ఇంజన్ ఆపి, బెల్టు తీసి, పుల్లీని చేత్తో తిప్పండి. సాఫీగా తిరిగితే తప్పు బెల్టుదే. పట్టి పట్టి తిరుగుతూ వెనక నుంచి సన్నగా కీచుమంటే బుష్ ఎండిపోయినట్టు. వెనక మూత మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది, దాని చుట్టూ ఆయిల్ అని ఇంగ్లీషు అక్షరాలు పోతపోసి ఉంటాయి. అందులో ఎస్ఏఈ 30 ఇంజనాయిల్ రెండు మూడు చుక్కలు చాలు. ఇంకా పాత రకాల్లో రంధ్రానికి బదులు మరతిప్పే మూత, దాని లోపల స్ప్రింగు, ఫెల్టు ముక్క ఉంటాయి. ఆ మూతలో గ్రీజు నింపాలి.

ఆయిల్ ఎన్ని మైళ్లకోసారి వేయాలో మాన్యువల్ చెబుతుంది. కానీ మన విశాఖలో ఇలాంటి బండి ఆదివారం బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లొచ్చి మళ్లీ షెడ్డెక్కుతుంది. మైళ్లు నిండవు, ఉప్పుగాలి మాత్రం రాత్రీ పగలూ తగులుతూనే ఉంటుంది. అందుకే నా లెక్క వేరు: వానలకి ముందోసారి, వానలు వెలిశాక ఇంకోసారి.

ఆయిల్ వేశాక డ్యాష్‌బోర్డు మీద చార్జింగు ఎర్రలైటు మిణుకుమంటే

చుక్కలు ఎక్కువయ్యాయి. మిగులు ఆయిల్ కమ్యుటేటర్ మీదికి చేరి కార్బన్ పొడితో కలిసి జిగురుగా పట్టేసింది. దాని నుంచి కరెంటు అందుకునే కార్బన్ బ్రష్‌లు సరిగా ఆనక చార్జింగు పడిపోతుంది. కమ్యుటేటర్‌ని పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడవండి. మరకలు వదలకపోతే సన్నటి గ్లాస్ పేపరుతో రుద్దండి, ఎమరీ పేపరు మాత్రం వద్దు. బ్రష్‌లు వాటి గూళ్లలో బిగుసుకోకుండా పైకీ కిందికీ ఆడుతున్నాయో లేదో కూడా చూసుకోండి.

పుల్లీ వైపు గరగరమంటే

అది బాల్ బేరింగు. బయటి నుంచి ఆయిల్ కొడితే ఉన్న గ్రీజు కూడా కరిగిపోతుంది, చప్పుడు రెండ్రోజులు తగ్గి మళ్లీ మొదలవుతుంది. డైనమో దింపాల్సిందే. ముందు బ్యాటరీ వైరు తీసేయండి, డైనమోకి తగిలించిన ‘డి’, ‘ఎఫ్’ వైర్లు తారుమారు కాకుండా గుర్తు పెట్టుకోండి. బేరింగుని కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టి వేలితో తిప్పితే గరుకు తెలిసిపోతుంది. గరుకుంటే మార్చడమే. బాగుంటే వేడికి తట్టుకునే గ్రీజు పెట్టండి, కూరి కూరి నింపొద్దు.

పుల్లీ పట్టుకుని ఊపితే షాఫ్టు కదిలినా, విప్పినప్పుడు ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) మీద మెరిసే గీతలు కనిపించినా

కదలిక పుల్లీ వైపే అయితే బేరింగుది. గీతలుంటే మాత్రం బుష్ అరిగి, ఆర్మేచర్ తన చుట్టూ కదలకుండా ఉండే పోల్ ముక్కలకి (అయస్కాంతపు ఇనుప ముక్కలకి) రాసుకుంటోంది. ఇక ఎంత ఆయిల్ పోసినా దండగ. కొత్త బుష్‌ని బిగించే ముందు ఎస్ఏఈ 30 ఆయిల్లో 24 గంటలు నానబెట్టాలి. తొందరుంటే ఆయిల్‌ని 100 డిగ్రీల దాకా వేడిచేసి 2 గంటలు ఉంచి, అందులోనే చల్లారనివ్వాలి. బిగించాక రీమర్ పెట్టి లోపల గీకించొద్దు, ఆయిల్ ఊరే సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. గాజువాక ఆటోనగర్‌లో లేతు మీద కంచు కడ్డీ నుంచి కోయించుకుంటే చవక అనిపించొచ్చు గానీ నిండు కంచులో ఆ రంధ్రాలే ఉండవు.

తిరిగి బిగించేటప్పుడు బెల్టుని మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే బిగిస్తే ఇప్పుడు వేసిన బేరింగు మీదే భారం పడుతుంది.