ఐదు సెంట్ల ఉమ్మడి తోట: పూలకు, కూరగాయలకు సిక్కోలు నేలలో అనుసరించవలసిన పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల అంచున వెలసిన కాలనీలలో ఉమ్మడి అవసరాల కోసం వదిలిన స్థలాలు చాలావరకు వయ్యారిభామతో, తుమ్మ పొదలతో నిండి ఉంటాయి. అటువంటి స్థలం ఐదు సెంట్లు, అంటే 242 గజాలు ఉంటే చాలు, పది కుటుంబాలు ఏడాది పొడవునా ఆకుకూరలు, చాలా నెలలు కూరగాయలు, పండుగలకు పూలు పండించుకోవచ్చు. శ్రీకాకుళంలో మాది అటువంటి తోటే. మొదటి ఏడాది మేము అన్నీ ఉమ్మడే అనుకున్నాము. అందరిదీ అయిన వంగ మడికి ఎవరూ నీరు పెట్టలేదు, కాయ దిగిన రోజున మాత్రం అందరూ వచ్చారు. రెండవ ఏడాది మడులు ఇంటింటికీ విడదీసి, నీరు, ఎరువు, పందిరి, కంచె మాత్రం ఉమ్మడిగా ఉంచాము. తోట నిలబడింది ఆ మార్పుతోనే. కాబట్టి పార పట్టుకోక ముందే ఏది ఎవరిది, ఏది అందరిది అన్న సంగతి కాగితం మీద రాసుకోవాలి. స్థలం నగరపాలక సంస్థదైనా, పంచాయతీదైనా అనుమతి కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి.

నీటి వంతు విషయంలో ఒక్క నియమం తప్పనిసరి. వంతు వచ్చిన ఇల్లు తన మడికే కాక తోటంతటికీ నీరు పెట్టాలి. రోజుకు రెండిళ్ల చొప్పున వేసుకుంటే ఐదు రోజులకొకసారి వంతు వస్తుంది, ఎవరైనా ఊరికి వెళ్లినా వారి మొక్కలు ఎండవు. నీరు పెట్టే ముందు వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి గుచ్చి చూడాలి, లోపల తడి తగిలితే ఆ మడిని ఆ పూటకు వదిలేయవచ్చు. మన ఎర్ర ఇసుక నేలలు నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచవు కనుక, వేసవిలో మొక్కల మొదళ్ల చుట్టూ వరిగడ్డి గాని, కొబ్బరి పీచు పొట్టు గాని పరచాలి. పీచు పొట్టులో ఉప్పు ఉంటుంది, అందుచేత రెండు మూడు సార్లు మంచినీటిలో నానబెట్టి పిండిన తరువాతే వాడాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరే ఉప్పగా ఉంటే చిక్కుడు జాతి మొక్కలు తట్టుకోలేవు, పాలకూర కొంత తట్టుకుంటుంది.

మట్టి పరీక్ష కోసం తోటలో ఎనిమిది పది చోట్ల పదిహేను సెంటీమీటర్ల లోతున గుంట తీసి, దాని అంచు నుంచి మట్టి గీరి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. దానిని నీడలో ఆరబెట్టి పరీక్షకు పంపాలి. ఎక్కడికి పంపాలో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే చెబుతారు.

మడి వెడల్పు నాలుగు అడుగులు మించకూడదు. రెండు వైపుల నుంచీ చేయి అందాలి, మడిలో కాలు పెట్టవలసిన అవసరం రాకూడదు. పొడవు పన్నెండు అడుగులు, మధ్య దారి రెండు అడుగులు సరిపోతాయి. ఇంటికి రెండు మడులు ఇచ్చినా పందిరికి, ఎరువు గుంతకు చోటు మిగులుతుంది. వానకాలంలో మడిని జానెడు ఎత్తు లేపాలి, వేసవిలో నేలకు సమానంగా ఉంచి చుట్టూ గట్టు వేయాలి.

ఒక్కో మడికి రెండు గంపల గెత్తం (పశువుల ఎరువు), పావు కిలో వేపపిండి వేసి మట్టిలో కలపాలి. గెత్తం విషయంలో తొందర పడకూడదని నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఒక ఏడాది సగం చివికిన గెత్తాన్నే మిరప మడిలో వేశాను. మూడు వారాలకు మొక్కలు ఒక్కొక్కటిగా వాడసాగాయి. ఒక మొక్కను పట్టి లాగితే వేరు లేకుండానే చేతికి వచ్చింది. మట్టి కదిపి చూస్తే కొడవలిలా ముడుచుకున్న తెల్లటి వేరుపురుగు, ముదురు రంగు తలతో, కనిపించింది. బాగా చివికిన గెత్తం నల్లగా పొడిపొడిగా ఉండి, తొలకరికి తడిసిన నేల వాసన వేస్తుంది. గుప్పెట్లో వేడి తగిలినా, పేడ వాసన వచ్చినా అది ఇంకా పచ్చిదే. జీవామృతం అనే ద్రవ ఎరువు ఎకరానికి రెండు వందల లీటర్లు చొప్పున చెబుతారు కాబట్టి ఐదు సెంట్లకు పది లీటర్లు చాలు. పది లీటర్ల నీటిలో అర కిలో ఆవు పేడ, అర లీటరు మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల పప్పు పిండి, చిటికెడు గట్టు మట్టి కలిపి, నీడలో రెండు రోజులు ఉంచి, ఉదయం సాయంత్రం కర్రతో తిప్పాలి. వారం లోపల వాడేయాలి.

ఎవరికి ఏ మడి అన్నది చీటీలు వేసి తేల్చుకోవచ్చు గాని, వీధి దీపం కింది మడిని మాత్రం చీటీలో పెట్టకూడదు. చేమంతి, తీగ చిక్కుడు పొద్దు తగ్గి రాత్రి పెరిగినప్పుడే మొగ్గ తొడుగుతాయి. రాత్రంతా దీపం వెలుగు పడితే ఆ మొక్కకు రాత్రి వచ్చినట్టే తెలియదు. మా పొరుగు ఇంటి వారి చేమంతి నడుము ఎత్తు పెరిగి, ముదురాకుపచ్చగా కళకళలాడుతూ, కార్తీకం గడిచినా ఒక్క మొగ్గ వేయలేదు. పది అడుగుల దూరంలో, అదే కొమ్మ నాటిన మా మడి పసుపు పచ్చగా విరబూసింది. దీపం కింది చోటు తోటకూరకు, గోంగూరకు ఇవ్వడం మంచిది.

బంతికి రోజులు లెక్కపెట్టి నారు పోయాలి. నారు ఇరవై అయిదు రోజులు, నాటాక పూతకు దాదాపు అరవై రోజులు పడుతుంది గనుక, దసరాకు పూలు కావాలంటే మూడు నెలల ముందే విత్తనం పడాలి. సంక్రాంతికి అక్టోబరు మొదటి పక్షంలో పోయాలి. నాటిన నెలకు నడిమి చిగురు తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువవుతాయి. విచ్చిన పూలు ఎప్పటికప్పుడు కోస్తూ ఉంటే సంక్రాంతి బంతి రథసప్తమి దాకా పూస్తుంది, అరసవల్లి వెళ్లే రోజున ఇంటి పూలే పట్టుకెళ్లవచ్చు. బంతి వేర్లు నేలలోని నులిపురుగులను తగ్గిస్తాయి, కనకాంబరానికి ఆ పురుగుల బెడద ఎక్కువ, కాబట్టి బంతి తీసిన మడిలో కనకాంబరం వేయడం తెలివైన పని. కంచె వెంట మందారం, నందివర్ధనం నాటాలి. తెల్లవారి నడకకు వచ్చే పెద్దలు పూజకు పూలు కోసుకోవడం మన ఊళ్లలో ఉన్నదే, వారికి కంచె మీద పూలు అందితే లోపలి మడుల జోలికి రారు. గన్నేరు మాత్రం వద్దు, దానిలో ప్రతి భాగమూ విషమే, పిల్లలు తిరిగే చోటు ఇది.

కూరగాయలలో బెండ, వంగ, మిరప జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిర కార్తెతో మొదలు పెట్టాలి. బెండ గింజలు రాత్రి నానబెట్టి విత్తితే, నలభై అయిదు రోజుల నుంచి రోజు విడిచి రోజు కాయ కోయవచ్చు. ఆకుల ఈనెలు పసుపు పచ్చబడిన బెండ మొక్క ఇక కోలుకోదు, తెల్లదోమ ఆ తెగులును పక్క మడికి మోస్తుంది, అందుచేత అది ఎవరి మడిలో ఉన్నా ఆ రోజే పీకి పాతిపెట్టే హక్కు అందరికీ ఉండాలి. వంగలో తలవాల్చిన చిగురును అంగుళం కింద తుంచి, లోపలి పురుగుతో సహా నాశనం చేయాలి. ఒక్కరు బద్ధకిస్తే పది ఇళ్లూ పుచ్చు కాయలే కోస్తాయి. మందుగా లీటరుకు యాభై గ్రాముల వేపగింజల పొడి రాత్రి నానబెట్టి వడకట్టిన కషాయం చాలు, అదీ సాయంత్రం పూటే చల్లాలి, ఉదయం తేనెటీగలు తిరుగుతాయి. టమాటా నారు చలి మొదలయ్యాక నాటితే బాగా కాస్తుంది. ఆనప, బీర, కాకర పాదులు ఉమ్మడి పందిరికి ఎక్కించాలి. ఆనప, బీర పూలు సాయంకాలం విచ్చుకుంటాయి. పిందెలు పచ్చబడి రాలుతుంటే, ఆ వేళ మగ పువ్వు తుంచి, దాని పుప్పొడిని అడుగున చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్య అద్దాలి. పందిరి కాయలను వంతు వచ్చిన ఇల్లు కోసుకుంటుంది, గుంజకు కట్టిన నోటుబుక్కులో రాసి పెడుతుంది.

అక్టోబరు మన జిల్లాలకు తుపానుల నెల. 2014లో హుద్‌హుద్ 12వ తేదీన, 2018లో తిత్లీ 11వ తేదీన వచ్చాయి. అందువల్ల పందిరి ఆరడుగులు మించకుండా, సరుగుడు గుంజలు రెండడుగుల లోతున పాతి కట్టాలి. సంక్రాంతి బంతి నారును ట్రేలలో పెంచితే, హెచ్చరిక రాగానే వరండాలోకి చేర్చుకోవచ్చు. కాపుకొచ్చిన కాయలన్నీ ముందే కోసేయాలి, మడుల మధ్య కాలువలు బయటి వాలుకు తెరవాలి. గాలి తగ్గగానే వాలిన మొక్కలను లేపి కర్ర కట్టి, మొదట్లో మట్టి ఎగదోయాలి. నీరు ఒక రోజుకు మించి నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి.

మార్చి చివరికి ఖాళీ అయిన మడులలో జనుము చల్లి, పూత రాగానే, దాదాపు నలభై అయిదు రోజులకు, కోసి మట్టిలో కలిపేయాలి. అది చివికేసరికి మృగశిర వస్తుంది.